చెరువు అడుగంటినప్పుడు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఏం తింటుంది?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెరువు కట్ట మీద ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాట ఎత్తితే రెండు వాదాలు వినిపిస్తాయి. అది రాక్షసి చేప, నాలుగు పడితే చాలు చెరువులో మరో చేప మిగలదని కొందరంటారు. పాచి, పురుగు, కుళ్లు తిని బతికే చేపతో నష్టమేముంది, పైగా నీళ్లు శుభ్రమవుతాయని మరికొందరంటారు. ఈ రెండో మాట ఎక్కువగా దాని పిల్లలను అమ్మేవాళ్ల నోట వస్తుంది. విచిత్రమేమంటే రెండు వాదాలకూ సాక్ష్యం ఆ చేప పొట్టలోనే దొరుకుతుంది. చెరువు నిండి మొరవ పారుతున్న రోజుల్లో పట్టి కోస్తే పురుగులు, నత్తలు, వానపాములు ఎక్కువగా బయటపడతాయి. అదే చెరువు మే నెలలో మోకాటి లోతుకు దిగాక కోస్తే పొలుసులూ ముళ్లూ దొరికే అవకాశం ఎక్కువ. చేప మారలేదు, నీళ్లు మారాయి. దాని తిండిని అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ముందు చేపను పోల్చుకుందాం. శాస్త్రీయ నామం క్లేరియస్ గారీపైనస్. పుట్టిల్లు ఆఫ్రికా, జోర్డాన్, ఇజ్రాయెల్, దక్షిణ టర్కీ దాకా సహజంగానే ఉంది. 1990ల మొదట్లో బంగ్లాదేశ్ మీదుగా అనుమతి లేకుండా మన దేశంలోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2000లో దీని పెంపకాన్ని నిషేధించింది. అయినా ‘థాయ్ మాగుర్’ అనో, ఉత్త ‘క్యాట్‌ఫిష్’ అనో బజారులో కనిపిస్తూనే ఉంటుంది. మన నాటు మార్పు చేప దీనికి దగ్గరి చుట్టం కావడంతో చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. తేడా తెలుసుకోవడానికి చేపను వెల్లకిలా తిప్పి తల అడుగుభాగం చూడాలి. ఆఫ్రికన్ చేపకు అక్కడ గడ్డం నుంచి మొప్పల వైపు రెండు నల్లటి పట్టీలు కనిపిస్తాయి. ఒంటి మీద పాలరాతి మరకల్లాంటి మచ్చలు కూడా సాధారణం. ఇక పరిమాణం. అరమీటరు దాటిన చేప నాటు మార్పు అయ్యే అవకాశం దాదాపు లేదు. ఆఫ్రికన్ చేప అయితే 170 సెంటీమీటర్ల పొడవు, 60 కిలోల బరువు దాకా నమోదైంది. మన చెరువుల్లో అంత ఎదగదు కానీ, తిండి దొరికితే ఏడాది తిరక్కుండానే గుడ్లకు వస్తుంది.

నోటి నుంచి పొట్టదాకా

చచ్చిన చేప నోరు తెరిచి చూపుడు వేలు లోపలికి పెట్టండి. పై దవడ మీద, కింది దవడ మీద గరుకు కాగితం అంటించినట్టు సన్నటి పళ్ల పట్టీ తగులుతుంది. వేలు లోపలికి సాఫీగా జారుతుంది, బయటికి లాగబోతే గీసుకుంటుంది. ఆ పళ్లన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. గొంతులో ఇలాంటివే మరికొన్ని ఉంటాయి. వీటితో కొరకడం, ముక్క చెయ్యడం కుదరదు. పట్టింది జారిపోకుండా ఆపడమే వీటి పని.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఈ చేప తిండిని చాలావరకు నిలువునా మింగుతుంది. నోరు ఒక్కసారిగా తెరిచి, గొంతు కిందికి దించితే లోపల ఏర్పడే ఖాళీలోకి నీళ్లు దూసుకొస్తాయి, వాటితోపాటు ఎదురుగా ఉన్నదీ వస్తుంది. అందుకని ఎంత పెద్ద చేపను తినగలదో దాని ఆకలి బట్టి కాక నోటి వెడల్పు బట్టి తేలుతుంది. చిన్న చేప పిల్లలు చెరువులో వేసేటప్పుడు ఈ ఒక్క కొలత ఎంతో పనికొస్తుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కళ్లు తలతో పోలిస్తే మరీ చిన్నవి. చూపు మీద అది పెద్దగా ఆధారపడదు. నోటి చుట్టూ నాలుగు జతల మీసాలుంటాయి. ఆ మీసాల మీద, పెదవుల మీద, ఒంటి మీద కూడా రుచి తెలిసే కణాలున్నాయి. అంటే నేల మీద పాకుతూ, తాకిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకోకుండానే రుచి చూస్తుంది. దీనికి తోడు చర్మంలో సన్నటి విద్యుత్తును పసిగట్టే గుంతలున్నాయి. బతికున్న ప్రతి జీవి కండరాల నుంచీ నీటిలోకి అతి స్వల్పంగా విద్యుత్తు వెలువడుతుంది. బురదలో దాక్కున్న ఎండ్రకాయ, కలుపు మొక్కల మధ్య కదలకుండా ఉన్న పరిగె, రెండూ దీనికి తెలిసిపోతాయి. మన చెరువుల్లో ఎర్రమట్టి నీళ్లు వచ్చి చేరినప్పుడు చేతి కింద చెయ్యి కనబడదు. కళ్లతో వేటాడే చేపకు ఆ రోజుల్లో తిండి కష్టం. దీనికి ఆ ఇబ్బంది లేదు. ఎక్కువగా తినేది కూడా రాత్రిపూటే.

మొప్పల దగ్గర ఇంకో సాధనం ఉంది. మొప్ప కమాను లోపలి అంచున దువ్వెన పళ్లలాగా సన్నటి ముళ్లు వరుసగా ఉంటాయి. మొదటి కమాను మీద ఇవి 24 నుంచి 110 దాకా ఉంటాయని లెక్క. చేప పెరిగేకొద్దీ సంఖ్య కూడా పెరుగుతుంది. మామూలుగా వేటాడే చేపకు ఇంత ఒత్తైన దువ్వెన అక్కర్లేదు. వాలుగకు గానీ కొర్రమీనుకు గానీ అది లేదు. నీళ్లను జల్లెడ పట్టి డాఫ్నియా లాంటి సన్న జీవులను తినే చేపకే అది కావాలి. రెండు చేతుల పొడవున్న వేటచేప, నీటిలో తేలే చుక్కంత జీవుల మీద కూడా బతకగలదు. ఈ చేప గురించి ఒకే ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి.

గొంతు పొట్టిగా, బాగా సాగేదిగా ఉంటుంది. దాని వెనక దళసరి కండతో పొట్ట. నత్త గుల్లయినా ఎండ్రకాయ పెంకయినా అక్కడే నలుగుతుంది. పేగు మాత్రం సాదాగా పల్చగా ఉంటుంది. ఆకు అలములు ఎక్కువగా తినే చేపలకుండే చుట్టలు చుట్టిన పొడవాటి పేగు దీనికి లేదు. మొక్కల ముక్కలు, గింజలు, పండ్లు పొట్టలో కనిపించినా ప్రధాన తిండి మాంసాహారమేనని ఆ పేగే చెబుతుంది. ‘పాచి తిని నీళ్లు శుభ్రం చేస్తుంది’ అనే వాదం ఇక్కడ నిలవదు. నిజానికి అడుగు బురద కెలుకుతూ తిరగడంవల్ల నీళ్లు ఇంకా మురికవుతాయి.

చివరిగా ఊపిరి. మొప్పల పైన చిన్న గదిలో ఎర్రటి పూలగుత్తి లాంటి అవయవం ఉంటుంది. పైకొచ్చి గాలి మింగి దానితో ఊపిరి తీసుకుంటుంది. ఇది తిండికి సంబంధించిన విషయం కాదనిపిస్తుంది కానీ, మన చెరువుల్లో దీని తిండిని నిర్ణయించేది చాలావరకు ఇదే.

పిల్ల తిండి, పెద్ద తిండి

గుడ్లు వానల్లో, కొత్తగా మునిగిన గట్టు గడ్డిలో రాత్రిపూట పెడుతుంది. ఒక గ్రాము గుడ్లు తూస్తే 600కు పైగా ఉంటాయి. నీళ్లు వెచ్చగా ఉంటే ఒకటి ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. సొన అయిపోయి మూడో రోజు ప్రాంతంలో తినడం మొదలుపెడుతుంది. అప్పటి తిండి కంటికి కనబడీ కనబడని ప్లవకాలు. వేలి గోరంత అయ్యాక దోమ పిల్లలు, ఎర్ర పురుగులు, నీటి పురుగులు తింటుంది. ఈ దశలో అది బొచ్చె, రాగండి పిల్లల తిండికే పోటీకొస్తుంది. వేటాడి తినకముందే నష్టం మొదలవుతుందన్నమాట. లెక్కల్లో ఎవరూ చూడని నష్టమిది.

తోబుట్టువులను తినడం కూడా ఈ వయసులోనే మొదలవుతుంది. దానికి రెండు దశలున్నాయి. మొదట అన్నీ దాదాపు ఒకే సైజులో ఉన్నప్పుడు ఒకటి మరోదాన్ని తోక వైపు నుంచి పట్టి మింగుతుంది. తల నోట్లో పట్టదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది. తొట్టిలో పిల్లలు పెంచేవాళ్లకు అడుగున తలలు మాత్రమే కనిపిస్తే కారణం ఇదే. కొన్ని ముందుగా పెరిగి సైజు తేడా వచ్చాక రెండో దశ: తల వైపు నుంచి పట్టి పూర్తిగా మింగేస్తాయి. అప్పుడు తొట్టిలో ఏ ఆనవాలూ మిగలదు, లెక్క మాత్రం తగ్గుతూ పోతుంది. చెరువులో దీని ఫలితం ఇంకోలా ఉంటుంది. పెద్దవి చిన్నవాటిని తింటూ సంఖ్యను కొంత అదుపులో పెడతాయి. పెద్ద కన్ను వలతో పెద్ద చేపలను మాత్రమే తీసేసి ‘చెరువు బాగుపడింది’ అనుకుంటే, ఆ అదుపు పోయి తర్వాతి ఏడాది చిన్నవి గుంపులుగా మిగిలే ప్రమాదముంది.

మన చెరువు ఏడాది

ఇక్కడి చెరువులు ఎక్కువగా వాన చెరువులు. తూర్పు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో నిండుతాయి. పై చెరువు మొరవ నీళ్లు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి పోయే గొలుసు కట్టు ఇది. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు, స్వర్ణముఖి పొంగిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. అంత నీళ్లు పారినప్పుడు ఎక్కడో పొలం గుంతలో దొంగచాటుగా పెంచిన చేప కూడా గొలుసు పట్టుకుని కిందికి దిగుతుంది. దానికి చెరువులోకి దారి ఎవరూ చూపనక్కర్లేదు.

నిండు చెరువులో దీనికి తిండి దండిగా ఉంటుంది. మునిగిన గడ్డి నుంచి వానపాములు, చీమలు, మిడతలు కొట్టుకొస్తాయి. కప్పలు, వాటి పిల్లలు ఉంటాయి. చేపలు మాత్రం పల్చబడి, విశాలంగా విడిపోయి ఉంటాయి. వాటిని వెంటబడి పట్టేంత వేగం దీనికి లేదు. గుండ్రటి తోక, బారు శరీరం పరుగు వేటకు పనికొచ్చేవి కావు. మాటు వేసి ఒక్క ఊపున పట్టడానికి పనికొస్తాయి. సులువుగా దొరికేది ఏదో అదే తింటుంది. ఈ రోజుల్లో దాన్ని చూసినవాళ్లకు అది పాపం పురుగులు తినే చేపలాగే కనిపిస్తుంది.

జనవరి, ఫిబ్రవరి దాటాక తూముల కింద పైర్లకు నీళ్లు పోతాయి, ఎండ లాగుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి నూరెకరాల చెరువు పదెకరాల మడుగవుతుంది. ఇంతకుముందు అంత నీటిలో ఉన్న చేపలన్నీ ఇప్పుడు ఇంతలో ఉంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. తెల్లవారుజామున బొచ్చెలు, రాగండ్లు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పరిగెలు గట్టు పక్కన కదలకుండా తేలుతాయి. ఆ సమయంలో గాలి మింగి బతికే చేపకు ఏ ఇబ్బందీ లేదు. ఊపిరాడక నీరసించిన చేపల మధ్య, చీకట్లో, బురద నీళ్లలో, మీసాలతో తడుముకుంటూ తిరుగుతుంది. వేగం లేని వేటగాడికి వేగం అవసరమే లేని రోజులవి. దీనివల్ల జరిగే అసలు నష్టం చాలామటుకు ఈ రెండు మూడు నెలల్లోనే జరుగుతుంది.

దాని పుట్టింట్లో కూడా ఇదే నడుస్తుంది. బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాలో ఏటా వరద తగ్గే కాలంలో, ఆగస్టు నుంచి నవంబరు మధ్య, ఈ చేపలు వందలుగా గుంపులు కట్టి తుంగ గట్ల వెంబడి పైకి సాగుతాయి. తుంగలో దాక్కునే చిన్న చేపలు నీళ్లు దిగి వాగుల్లోకి రాక తప్పదు. గుంపు వాటిని తోకలతో కొట్టి, గట్టుకు తోలి తింటుంది. ఎక్కువగా బలయ్యేవి మోర్మిరిడ్ కుటుంబం చేపలు. అవి చీకట్లో దారి చూసుకోవడానికి స్వయంగా సన్నటి విద్యుత్తు వదులుతాయి, ఆ విద్యుత్తే వాటిని పట్టిస్తుంది. దక్షిణాఫ్రికాలోని సిబాయా సరస్సులో చేసిన పాత పరిశోధనల్లో కూడా ఈ చేప ఒంటరిగా నేల వెతకడం, బురద తవ్వడం, నీటి పైభాగాన తినడం, గుంపుగా వేటాడడం, ఇన్నీ చేస్తుందని నమోదైంది. పద్ధతిని చెరువే ఎంచి ఇస్తుంది.

వాలుగ కూడా చేపలే తింటుంది కదా?

న్యాయమైన ప్రశ్న. వాలుగ మన చెరువుల్లో ఎప్పటినుంచో ఉంది, పరిగెల్నీ బొచ్చె పిల్లల్నీ మింగుతూనే ఉంది. కొర్రమీను కూడా అంతే. వాటివల్ల చెరువులు ఖాళీ కాలేదు. తేడా ఎక్కడుంది?

వాలుగ బతుకు చేపల మీద ఆధారపడింది. చిన్న చేపలు తగ్గితే వాలుగ పెరగదు, గుడ్లు తగ్గుతాయి, పిల్లలు చస్తాయి. ఆ లోపల చిన్న చేపలు మళ్లీ కోలుకుంటాయి. తినేదీ తినబడేదీ తక్కెడకు రెండు పళ్లేల్లా ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు ఆ పట్టు లేదు. పరిగెలు అయిపోతే నత్తలు తింటుంది, నత్తలు అయిపోతే పురుగులు, అవీ లేకపోతే మొప్పల దువ్వెనతో ప్లవకాలు. సంఖ్య తగ్గదు. చివరి పది పరిగెలు గుడ్లు పెట్టి కోలుకునే అవకాశం రాకముందే మళ్లీ వేసవి వస్తుంది, అవి కూడా పోతాయి. ఏది దొరికితే అది తినడం మెతకతనంలా కనిపిస్తుంది కానీ, చెరువు పాలిట అదే ప్రాణాంతకం.

ఇదే కారణంగా కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు చెరువులో పారెయ్యడం నేరుగా ఈ చేపకు మేత పెట్టడమే. కోడి పేగులు తిని అది చేపల జోలికి పోదులే అనుకోవడం పెద్ద పొరపాటు. ఉచితంగా పడిన మేతతో ఇరవై బతకాల్సిన చోట రెండొందలు బతుకుతాయి. వేసవిలో మడుగు మిగిలినప్పుడు ఆ రెండొందలూ అక్కడే ఉంటాయి. మట్టి తోలుకుపోయిన గుంతలది కూడా ఇదే కథ. చెరువు పూర్తిగా ఎండితే ఈ చేపకు కూడా గడ్డు కాలమే. రెండు నిలువుల గుంత ఒకటి ఎండకుండా మిగిలితే వచ్చే వానలకు తల్లి చేపలు సిద్ధంగా ఉన్నట్టే.

పక్షుల సంగతి కూడా చెప్పాలి. నీటి మీద తేలే బుడుబుంగ పిల్లల్లాంటివి పెద్ద క్యాట్‌ఫిష్ నోటికి అందే సైజే. పక్షి పిల్లలను తినడం ఈ జాతిలో నమోదైన విషయమే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలోకి ఇది చేరి పెద్ద తలనొప్పిగా మారింది. తిరుపతి జిల్లాలో నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉంది. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు పులికాట్‌లోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ చేపలు తెచ్చి పిల్లలకు పెడతాయి. ఆ చెరువుల్లో చిన్న చేప తగ్గితే దెబ్బ అక్కడిదాకా పోతుంది.

పొట్ట కోసి చూడటం ఎలా

మీ చెరువులో ఇది ఏం తింటోందో తెలియాలంటే వాదించుకోనక్కర్లేదు, చూడొచ్చు. డిగ్రీ కాలేజీ జువాలజీ విద్యార్థులు కూడా చెయ్యగలిగిన పని ఇది. కాకపోతే ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో ముందే తెలియాలి.

చేపను తెల్లవారుజామున పట్టాలి, ఎందుకంటే తిన్నది రాత్రి. వెచ్చటి నీటిలో కొన్ని గంటల్లోనే మెత్తటివన్నీ కరిగిపోతాయి. మధ్యాహ్నం బజారులో కొన్న చేప పొట్ట ఖాళీగా ఉంటే అది ఏమీ తినలేదని అర్థం కాదు. పట్టిన వెంటనే చంపి, పొట్ట తీసి, ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో వెయ్యాలి. చేతికి గ్లవ్స్, గాలాడే చోటు తప్పనిసరి. ఐసులో పెడితే అరుగుదల నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. కోడి పేగు ఎరతో పట్టిన చేప పొట్టలో కోడి పేగు దొరికితే లెక్కలోకి తీసుకోకూడదు. రాత్రంతా వలలో ఇతర చేపలతోపాటు ఇరుక్కున్న చేప వలలోనే తినేసి ఉండొచ్చు, దాన్నీ పక్కన పెట్టాలి.

పొట్టను చీల్చి, లోపలిది తెల్లటి పళ్లెంలోకి కడిగి, సన్న జల్లెడలో వడకట్టాలి. చేప రూపంలో చేప దొరకడం అరుదు. దొరికేవి గుర్తులు. బొచ్చె, రాగండి, ఎర్రమోసు లాంటివాటి గొంతు ఎముక మీద పళ్లు 5, 3, 2 చొప్పున మూడు వరుసల్లో ఉంటాయి. చూపుడువేలి గోరంత ఎముక ముక్క మీద ఆ వరుసలు కనిపిస్తే కార్ప్ జాతి పిల్ల అని చెప్పొచ్చు. నత్త అయితే గుల్ల నలిగినా మూత బిళ్ల మిగులుతుంది. కప్పకు కాలి పొడవాటి ఎముకలు, ఎండ్రకాయకు కొండి కొనలు, పురుగుకు గట్టి తల. వానపాముకు ఏదీ మిగలదు, అందుకే వానపాము ఎప్పుడూ లెక్కలో తక్కువ పడుతుంది, నత్త ఎక్కువ పడుతుంది.

లెక్కను రెండు విధాలా వెయ్యాలి. ఉదాహరణకు 20 చేపల్లో 4 పొట్టలు ఖాళీ అనుకుందాం. మిగిలిన 16లో 14 పొట్టల్లో పురుగులు, 5 పొట్టల్లో చేపలు ఉన్నాయి. ‘ఎన్నింటిలో కనిపించింది’ అని చూస్తే పురుగులు 88 శాతం, చేపలు 31 శాతం. పురుగులు తినే చేప అని రాసేస్తారు. అదే తూకం వేస్తే, ఒక్క 12 గ్రాముల పరిగె వందల కొద్దీ ఎర్ర పురుగులకు సమానం. అప్పుడు చేపలు తినే చేప అని రాస్తారు. రెండు అంకెలూ నిజమే, రెండూ పక్కపక్కన లేకపోతే రెండూ తప్పుదోవ పట్టిస్తాయి. ఒక్క నెలలో చూసి ఆపడం ఇంకా పెద్ద తప్పు. కనీసం డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి ఇరవై ముప్పై చొప్పున చూస్తే చెరువు కథ బయటపడుతుంది.

ఏం చెయ్యొచ్చు

తీసెయ్యడానికి అనువైన సమయం కూడా వేసవే. అన్నీ ఒక్కచోట చేరే కాలం అది, పైగా వానలకు గుడ్లు పెట్టకముందు. గిల్ నెట్, అంటే చేప కన్నులో దూరి మొప్పల దగ్గర చిక్కుకునే వల, ఈ చేపకు అంత పనిచెయ్యదు. ఒళ్లు నున్నగా ఉండటంవల్ల కన్నులో బిగుసుకోదు, ఎక్కువగా రెక్క ముల్లు తగులుకుంటేనే పడుతుంది. చీకటి పడే ముందు గాలాల తాడు, లేదా ఎర పెట్టిన మావులు (చేపలు పట్టే బుట్టలు) అడుగుకు ఆనేలా వేసి, తెల్లారకముందే తియ్యడం మేలు. వాసన గట్టిగా వచ్చే ఎర కావాలి. మీసాల రుచే దాని కన్ను. మావు పైభాగం నీటి పైకి ఒక జానెడు ఉండేలా కట్టాలి. పూర్తిగా ముంచితే లోపల పడిన తాబేలూ నాటు మార్పూ గాలి అందక చస్తాయి. నాటు మార్పు ఇప్పటికే అంతరించే ప్రమాదంలో ఉన్న చేప. తల అడుగున పట్టీలు చూసి, నాటుదైతే వెంటనే వదిలెయ్యాలి. చిన్న కన్ను వల కూడా తోడుగా లాగి పిల్లలను తియ్యకపోతే పైన చెప్పిన అదుపు సమస్య వస్తుంది.

సొంత గుంతలైతే పూర్తిగా తోడి ఎండబెట్టాలి. సగం తోడి వదిలెయ్యడం అన్నిటికన్నా చెడ్డది. నీళ్లు తగ్గి మిగతా చేపలు చస్తాయి, ఇది మాత్రం బతుకుతుంది. తోడలేని చోట ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) వాడతారు. మీటరు లోతు నీటికి ఎకరాకు 1,000 కిలోలు, ముందు రాత్రి నానబెట్టి చల్లాలి. అందులోని సాపోనిన్ అనే విష పదార్థం చేప రక్తాన్ని దెబ్బతీస్తుంది. బ్లీచింగ్ పౌడరైతే అదే లోతుకు ఎకరాకు 140 కిలోలు. మోతాదు తగ్గించి వేస్తే రాగండ్లు తేలుతాయి, క్యాట్‌ఫిష్ బురదలో దూరి గండం గడిపేస్తుంది. ఒడ్డెక్కి పక్క మడుగుకు పోయేవి కూడా ఉంటాయి కాబట్టి మందు వేసే రాత్రి గుంత చుట్టూ మోకాలెత్తు వల కట్టి కింది అంచు మట్టితో కప్పాలి. ఊరి చెరువులో, తాగునీటి చెరువులో ఈ మందులు వెయ్యకూడదు. మత్స్యశాఖ వారికి చెప్పకుండా సొంత గుంతలో కూడా మొదలుపెట్టవద్దు. ఇప్ప చెక్క విషం మూడు వారాల దాకా ఉంటుంది. ఆ నీళ్లు కాలవలోకి వదలకూడదు.

పట్టిన చేపను గట్టు మీద పడేసి పోతే గంటల తరబడి బతికి, రాత్రి తడికి పాక్కుంటూ నీళ్లు చేరుతుంది. తల మీద గట్టిగా కొట్టి చంపాకే గుంతలో సున్నం చల్లి పూడ్చాలి.

ఇక చేప పిల్లలు వెయ్యడం. వెయ్యకముందు చెరువులో పట్టిన పెద్ద క్యాట్‌ఫిష్ ఒకటి తీసుకుని నోటి వెడల్పును స్కేలుతో కొలవండి. వెయ్యబోయే పిల్లకు వీపు నుంచి పొట్టదాకా ఎత్తు కొలవండి. పిల్ల ఎత్తు నోటి వెడల్పుకన్నా తక్కువైతే అది మేతే. తోకతో కలిపి 10 సెంటీమీటర్ల రాగండి పిల్ల ఎత్తు రమారమి రెండుంపావు సెంటీమీటర్లు, అదే పొడవు బొచ్చె ఎత్తు మూడు దగ్గర. నోరు 4 సెంటీమీటర్లున్న చేపకు రెండూ పడతాయి. అలాంటి చెరువులో బొచ్చెను 14 సెంటీమీటర్లు, రాగండిని 18 దాకా పెంచుకుని వెయ్యాలి, లేదా ముందు ఆ చేపను తీసెయ్యాలి. పెంచడానికి అదే చెరువు మూల వలగూడు కట్టి రెండు నెలలు ఉంచొచ్చు. గూడు అడుగు నేలకు ఆనకుండా అడుగున్నర పైన ఉండాలి. ఆనిందంటే క్యాట్‌ఫిష్ కింది నుంచి వల మీద రాసుకుంటూ, కన్నుల్లోంచి బయటికొచ్చిన తోకల్ని లాగుతుంది. పొద్దున చూస్తే గూట్లో తోకల్లేని పిల్లలు తేలుతూ ఉంటాయి.